కరోనా డ్యూటీలో మేం టెన్షన్‌ని ఎలా తట్టుకున్నామంటే

తల్లీ, నీ ప్రశ్న రాత్రే చూశాను, నైట్ డ్యూటీలో ఉండి రాయలేకపోయాను. నీకు జి.ఎన్.ఎం. నర్సింగ్ కోర్సు అయ్యి ఏడాది కాలేదు, కొత్తగా ఐ.సి.యు.లో వేశారు, డ్యూటీకి బయల్దేరే గంట ముందు నుంచే గుండె దడ, అరచేతులు చల్లబడటం, కడుపులో తిప్పటం. "మళ్ళీ కరోనా లాంటిది వస్తే నేను నిలబడగలనా, మీరంతా ఆ రెండేళ్ళు ఎలా తట్టుకున్నారు" అని అడిగావు. నాది కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు. నర్సుగా ఇరవై ఆరేళ్ళ సర్వీసు, అందులో 2020, 2021 రెండేళ్ళూ కరోనా వార్డులోనే గడిచాయి. నాకు తెలిసింది చెప్తాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ గుండె దడ సంగతి. అది పిరికితనం కాదమ్మా. ఎదురుగా ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్ళుతుంది, అందుకే చేతులు చల్లబడతాయి, అందుకే తిన్నది అరగదు. 2020 ఏప్రిల్‌లో మొదటిసారి పీపీఈ కిట్ వేసుకున్న రోజు నా పల్స్ 130 ఉంది, నేనే చూసుకున్నాను, అప్పటికి నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు. ఆ క్షణంలో పనిచేసేది నాకు తెలిసినంతలో ఊపిరి ఒక్కటే. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు. వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, కావాలంటే వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకుని చూసుకో. ఐ.సి.యు.లో దీనికి టైమెక్కడిది అంటావేమో. సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని మనకి ట్రైనింగ్‌లో నేర్పారు కదా, ఆ నిమిషంలో ఐదారు ఊపిర్లు పడతాయి. నల్లా దగ్గర నిలబడ్డ ప్రతిసారీ ఆ ఐదారు ఊపిర్లు తీసుకో. మేం రోజుకి లెక్కలేనన్నిసార్లు కడిగేవాళ్ళం, చేతుల చర్మం ఊడొచ్చేది, కానీ ఆ నల్లా దగ్గర నిమిషమే మా అందరికీ కాస్త ఆగే చోటు.

ఊపిరితో ఆ పూట గడుస్తుంది. నువ్వడిగింది మాత్రం రెండేళ్ళ సంగతి. అందులో నాకు అర్థమైంది ఏంటంటే, మనకి అలసట రెండు రకాలు. ఒకటి ఒంటి అలసట, అది నిద్రపోతే, తింటే, రెండు రోజులు సెలవు దొరికితే తగ్గుతుంది. రెండోది, ఫలానా మనిషికి చెయ్యాల్సింది చెయ్యలేకపోయానే అన్న బరువు. అది పడుకుంటే పోదు, సెలవు పెడితే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఖాళీగా ఉన్నప్పుడే గుర్తొస్తుంది. దాన్ని పక్కన నిలబడి చూసిన ఇంకో మనిషితో చెప్పుకుంటేనే తగ్గుతుంది. నాకు ఇది తెలియడానికి ఏడాది పైనే పట్టింది, నీకు అంత పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఒంటి అలసట నీకు తెలియనిది కాదు. మన వైపు మే నెల ఉక్కపోత ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, గాలిలోనే తడి, ఆ తడిలో పీపీఈ వేసుకుని ఆరు గంటలు. గ్లవ్స్ తీస్తే చెమట నీళ్ళలా కారేది. కళ్ళద్దాలు ఆవిరి పట్టి కాన్యులా పెట్టడానికి నరం కనపడేది కాదు, వేలితో తడిమి వెతుక్కునేవాళ్ళం. కిట్ తీస్తే మళ్ళీ కొత్తది కావాలి కాబట్టి డ్యూటీకి రెండు గంటల ముందు నుంచే మంచినీళ్ళు మానేసేవాళ్ళం, చాలామందికి యూరిన్ ఇన్ఫెక్షన్లు వచ్చాయి, నెలసరి రోజుల్లో ఆడపిల్లలు పడ్డ అవస్థ ఎవరికీ చెప్పుకునేది కూడా కాదు. అప్పుడు నోరు మూసుకుని భరించడమే గొప్ప అనుకున్నాం. అది తప్పు. మా సీనియర్ సిస్టర్ ఒకావిడ అందరి తరఫునా వెళ్ళి అడిగితే షిఫ్టు నాలుగు గంటలకి తగ్గించారు. మూడు నెలలు పడ్డ బాధ ఒక్క మాటతో తీరింది, ఆ మాట మొదటి వారమే అడిగి ఉండాల్సింది. నువ్వు ఒక్కదానివే అడగలేకపోతే నలుగురు కలిసి అడగండి, కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇంటి సంగతి కూడా చెప్తాను, టెన్షన్‌లో సగం అక్కడే ఉంటుంది కాబట్టి. బస్సులు లేని రోజుల్లో మా ఆయన బండి మీద దింపేవారు, జొన్నాడ వంతెన దగ్గర పోలీసులు ఆపితే ఐడీ కార్డు చూపించేదాన్ని. తిరిగొస్తే మా అత్తయ్య గారు పెరట్లో వేణ్ణీళ్ళు పెట్టి ఉంచేవారు. బట్టలు సర్ఫ్ బకెట్లో నానేసి, తలస్నానం చేసి, వెనక గది తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు, కిటికీ ఊచలు పట్టుకుని "అమ్మా ఇవాళ ఎంతమంది ఇంటికెళ్ళారు" అని అడిగేవాడు. ఎంతమంది పోయారని వాడు ఎప్పుడూ అడగలేదు, వాడికి ఎవరు నేర్పారో తెలీదు. మా వీధిలో మాకు పాలు పోసే ఇల్లు పోయడం మానేసింది. మాతో పనిచేసే ఒక అమ్మాయిని అద్దింటి వాళ్ళు వారంలో ఖాళీ చెయ్యమన్నారు. అదే ఊళ్ళో కిరాణా కొట్టు ఆయన మాత్రం నేను అడక్కుండానే వారానికోసారి గేటు దగ్గర కూరగాయల సంచి పెట్టి వెళ్ళేవారు, డబ్బులు నెలాఖరుకి తీసుకునేవారు. భయపడ్డవాళ్ళ మీద కోపం పెట్టుకుని నేను చాలా నిద్ర పోగొట్టుకున్నాను. భయం అందరికీ ఉంది, అది నాకూ ఉంది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ సాయంత్రం ఐదింటికి మా ఊళ్ళో అందరూ కంచాలు మోగించారు. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి రెండువందల ఏళ్ళని 2020ని నర్సుల సంవత్సరంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందే ప్రకటించి ఉంది. ఆ గౌరవం నాకు నిజంగానే బలమిచ్చింది, కాదనను. కానీ అందరూ "మీరు దేవతలమ్మా" అంటుంటే ఒక ఇబ్బంది ఉంది తల్లీ. దేవతకి భయం వెయ్యకూడదు, దేవత ఏడవకూడదు, దేవత పొరపాటు చెయ్యకూడదు. నేను ఇంట్లో వాళ్ళ దగ్గర కూడా ధైర్యంగా ఉన్నట్టే ఉన్నాను. నువ్వు అలా ఉండకు. "ఇవాళ నాకు బాగాలేదు" అని మీ అమ్మతో చెప్పు, వివరాలు చెప్పక్కర్లేదు, ఆ ఒక్క ముక్క చెప్పు చాలు.

ఇప్పుడు వరద సంగతి. 2020 ఆగస్టులో ఒక పక్క మన జిల్లాల్లో కేసులు ఎక్కువైపోతుంటే ఇంకో పక్క గోదావరికి పెద్ద వరద వచ్చింది. మా వార్డులో ముగ్గురు సిస్టర్లు లంక గ్రామాల వాళ్ళు. కాజ్‌వేలు మునిగిపోయాయి, పడవ దాటి రోజూ రావడం కుదరదు, దాంతో నాలుగైదు రోజులు ఆసుపత్రిలోనే ఒక ఖాళీ గదిలో చాపలు వేసుకుని ఉండిపోయారు. ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయేమో అన్న బెంగ, పశువుల బెంగ, పైన ఈ డ్యూటీ. వీళ్ళు కుప్పకూలిపోతారేమో అనుకున్నాను. తీరా చూస్తే మా అందరిలోకీ వాళ్ళే నిదానంగా ఉన్నారు. రోజూ ఇంటికెళ్ళి స్నానం చేసి మంచం మీద పడుకునే నాకే నిద్ర పట్టేది కాదు. ఎందుకో తర్వాత తెలిసింది. రాత్రి షిఫ్టు అయ్యాక ఆ ముగ్గురూ చాపల మీద కూర్చుని ఆరోజు జరిగింది మొత్తం చెప్పుకునేవారట. ఎవరు పోయారు, ఎవరికి సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, పెరిగింది, ఎవరి మాటకి కోపమొచ్చింది, ఎవరు ఏడ్చారు. ఒకరు చెప్తుంటే మిగతా ఇద్దరూ సలహాలు ఇవ్వకుండా వినేవారు. అంతే, ఇంకేం చేసేవారు కాదు.

నేను అది చూసి కూడా నేర్చుకోలేదు. 2021 జనవరి 16న వ్యాక్సిన్ మొదలైంది, ముందు ఆరోగ్య సిబ్బందికే కదా, నా వంతు వచ్చిన రోజు వేయించుకుని బయటికొచ్చి గట్టు మీద కూర్చుని ఏడ్చాను, గండం గడిచిందనుకున్నాను. తర్వాత ఏప్రిల్, మే నెలల్లో సెకండ్ వేవ్ వచ్చింది. ఆ రోజుల గురించి నీకు ఎక్కువ చెప్పను. ఒక్క రాత్రి చెప్తాను.

మే నెల, రాత్రి రెండు దాటింది. కొబ్బరి చెట్లు ఎక్కి దింపు తీసే ఒకాయన, యాభై దాటి ఉంటాయి, ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చే ఎన్.ఆర్.బి.ఎం. మాస్క్ మీద ఉన్నారు. నా పీపీఈ మీద స్కెచ్ పెన్‌తో రాసిన పేరు చదివి, పేరు పెట్టి పిలిచి, "కాసిని మంచినీళ్ళు ఇయ్యమ్మా" అన్నారు. "వస్తున్నా బాబాయ్" అన్నాను. నలభై నిమిషాలకి మళ్ళీ నేను ఆయన మంచం దగ్గరికి వెళ్ళేసరికి ఆయన లేరు.

ఆ ఒక్క మాట నాతో మూడు నెలలు ఉంది. అన్నం ముందు కూర్చుని గ్లాసు చేత్తో పట్టుకుంటే గుర్తొచ్చేది. మా ఆయనకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆయనకి నీళ్ళిచ్చినా బతికేవారు కాదని నాకు తెలుసు, డాక్టరు గారికీ తెలుసు, కానీ బాధ బతకడం గురించి కాదు, నీళ్ళ గురించి. జులై ఆఖర్లో, కేసులు తగ్గాక, వార్డు వెనకాల సైకిల్ స్టాండ్ దగ్గర గంగరావి చెట్టు కింద ఒక లంక సిస్టర్‌తో టీ తాగుతుంటే అనుకోకుండా నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ అయ్యో అనలేదు, మర్చిపో అనలేదు. "ఆ నలభై నిమిషాలు నువ్వెక్కడున్నావు?" అని అడిగింది. నాకు గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు. నా తలలో ఆయన అడగడం ఉంది, నేను రాకపోవడం ఉంది, మధ్యలో ఏమీ లేదు.

మర్నాడు ఇద్దరం కూర్చుని ఆ రాత్రి నర్సెస్ నోట్స్ తీసి చూశాం. నా చేతి రాతే. ఇంకో బెడ్‌లో ఒకావిడకి గొంతులో కఫం లాగే సక్షన్. ఆ పక్కన సిలిండర్ మార్చడం, సాయానికి ఉండాల్సిన ఆడ నర్సింగ్ ఆర్డర్లీ (ఎఫ్.ఎన్.ఓ.) లేక నేనే పట్టుకుని తిప్పాను. మరో బెడ్‌లో కుర్రాడికి సాచురేషన్ 70కి పడితే బోర్లా పడుకోబెట్టడం, డాక్టరు గారిని పిలవడం, ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్ పెట్టడం. అన్నిటికీ టైము వేసి ఉంది. ఆ కుర్రాడు బతికి ఇంటికి వెళ్ళాడు. ఆ నలభై నిమిషాల్లో నేను ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు. ఇరవై మందికి ఇద్దరం నర్సులం ఉన్నాం, వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక్కరికి ఒక నర్సు ఉండాలని మన పుస్తకాల్లో ఉన్న చోట. ఆ కాగితం చూశాక ఆయన దాహం నా మనసులోంచి పోలేదు, ఇప్పటికీ ఉంది, కానీ నేను ఆయన్ని వదిలేశాను అన్నది పోయింది. దుఃఖం మిగిలింది, నేరం చేశానన్నది పోయింది. ఆ రెండిటికీ ఎంత తేడా ఉందో ఆరోజు రాత్రి తెలిసింది, మూడు నెలల తర్వాత ఏడు గంటలు నిద్రపోయాను.

అందుకని నీకు గట్టిగా చెప్పేది ఇది. నిన్ను వదలకుండా పట్టుకున్న సంఘటన ఏదైనా ఉంటే, దాన్ని మనసులో తిప్పుకోవడం ఆపి ఆ గంట లెక్క తియ్యి. ఎన్నింటికి ఎక్కడున్నావు, నీతో ఎంతమంది ఉన్నారు, నీ చేతిలో ఏముంది, ఏం లేదు. ఒక్కదానివే కూర్చుని తియ్యకు, ఆ షిఫ్టులో ఉన్న మనిషిని పక్కన పెట్టుకో, ఎందుకంటే మన మీద మనం పెట్టుకునే కేసులో మనకి అనుకూలమైన సాక్ష్యం మనమే చెప్పుకోం. ఇంకో మాట. ఒక్కోసారి లెక్క తీస్తే నిజంగానే పొరపాటు బయటపడుతుంది. నాకూ ఒకటి బయటపడింది, ఒక పేషెంట్‌కి మందు రెండు గంటలు ఆలస్యంగా ఇచ్చాను, పెద్ద నష్టం జరగలేదు గానీ పొరపాటు నాదే. వెళ్ళి హెడ్ సిస్టర్‌కి చెప్పాను. ఆవిడ తిట్టారు, తర్వాత మందుల టైము బోర్డు మీద రాసే పద్ధతి పెట్టారు. దాచుకున్న పొరపాటు కంటే చెప్పిన పొరపాటు చాలా తేలిక.

ఈ బరువుకి మోరల్ ఇంజురీ అని పేరుందని తర్వాత ఒక ట్రైనింగ్‌లో విన్నాను. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి వైద్యం చేసిన జోనథన్ షే అనే అమెరికా మానసిక వైద్యుడు ఆ మాట వాడాడట. భయం వల్ల తగిలే దెబ్బ వేరు, ఇది చెయ్యడం సరికాదు అని మనసుకి తెలిసినా చెయ్యాల్సి రావడం వల్ల తగిలే దెబ్బ వేరు. బర్నౌట్ అని ఇంకో మాట వింటుంటావు, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా కాకుండా పని వల్ల వచ్చే స్థితిగా చెప్పింది. శక్తి పూర్తిగా అయిపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా ఉపయోగం లేదనిపించడం, ఈ మూడూ దాని గుర్తులు. నన్నడిగితే రెండోది ముందు కనిపెట్టాలి. పేషెంట్ పేరు కాకుండా బెడ్ నంబరే గుర్తుంటున్నా, అటెండెంట్ ఏడుస్తుంటే విసుగొస్తున్నా, అది నీ మంచితనం తగ్గిపోయిందని కాదు, నువ్వు బాగా అలిసిపోయావని. అప్పుడు ఐ.సి.యు. నుంచి కొన్నాళ్ళు జనరల్ వార్డుకి మార్చమని అడుగు. మేం రొటేషన్ అడిగి సాధించుకున్నాం, మారినవాళ్ళెవరూ చిన్నబోలేదు.

నిద్ర, తిండి గురించి త్వరగా చెప్పేస్తాను. నైట్‌లో మూడు దాటాక టీ, కాఫీ వద్దు, కెఫీన్ సగం దిగడానికే ఐదు గంటలు పడుతుంది, పొద్దున్న పడుకుంటే కళ్ళు మూతపడవు. ఇంటికెళ్ళాక కిటికీకి దళసరి దుప్పటి కట్టెయ్యి, ఫోన్ వేరే గదిలో పెట్టు. కరోనా రోజుల్లో మా వార్డు వాట్సాప్ గ్రూపులో రోజంతా చావు వార్తలే వచ్చేవి, దాన్ని మ్యూట్ చేసి రోజుకి ఒక్కసారే చూసేదాన్ని. ఏమీ తినబుద్ధి కాకపోతే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని నాలుగు ముద్దలు తిను, ఖాళీ కడుపుతో వెళ్తే ఆ దడ ఇంకా పెరుగుతుంది.

నిద్ర మాత్రల గురించి మాత్రం నిదానంగా చదువు. మన చేతికి మందులు అందుతాయి, అదే మనకి ప్రమాదం. ట్రాలీలో ఆల్ప్రజోలం ఉంది కదా అని ఒకటి వేసుకోవడం, తర్వాత అది లేకపోతే నిద్ర పట్టకపోవడం, నేను కళ్ళారా చూశాను, చాలా మంచి నర్సు, బయటపడటానికి ఏడాది పట్టింది. డాక్టరు రాయకుండా ఒక్కటి కూడా వద్దు. రెండు వారాలకి మించి రోజూ దిగులుగా ఉన్నా, ఆ దృశ్యాలే కళ్ళ ముందు తిరుగుతూ నెల దాటినా, పోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళు. టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది, 2022లో పెట్టారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు, రాత్రి పూట కూడా ఎత్తుతారు. మాకు ఆ రోజుల్లో అది లేదు. షుగరు ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్తాం కదా, ఇదీ అంతే.

మళ్ళీ వస్తే నిలబడగలనా అన్నావు. మేమెవరం ముందు నుంచి ధైర్యవంతులం కాదు తల్లీ. నాతో పనిచేసినవాళ్ళలో మొదటి వారం రాజీనామా రాసుకొచ్చిన అమ్మాయి చివరి దాకా ఉంది. ఎవరూ భయపడరనుకున్న ఒకావిడ మధ్యలో సెలవు పెట్టి వెళ్ళిపోయారు, ఆవిడ చేసింది కూడా తప్పు కాదు, ఇంట్లో చిన్నపిల్లలు, జబ్బుతో ఉన్న మావగారు. ఎవరు ఉంటారు, ఎవరు వెళ్తారు అన్నది పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలింది. అందుకని మీ ఐ.సి.యు.లో నీకు ఆ మనిషి ఎవరో ఇప్పుడే, మామూలు రోజుల్లోనే చూసి పెట్టుకో. డాక్టరు కానక్కర్లేదు, సీనియర్ కానక్కర్లేదు, మగ నర్సింగ్ ఆర్డర్లీ (ఎం.ఎన్.ఓ.) అయినా పర్వాలేదు. సలహా ఇవ్వకుండా వినే మనిషి అయితే చాలు.

రేపు నీకు నైట్ డ్యూటీ అని రాశావు. మధ్యాహ్నం భోంచేసి రెండు గంటలు పడుకో. ఏడింటికి కొంచెం తిని బయల్దేరు, బస్సులో ఫోన్ చూడకుండా నాలుగు, ఆరు లెక్కపెట్టుకుంటూ వెళ్ళు. డ్యూటీ దిగే వాళ్ళ దగ్గర హ్యాండోవర్ తీసుకునేటప్పుడు ఒక్కో పేషెంట్ పేరూ నోటితో అనుకో. పొద్దున్న డ్యూటీ దిగాక నేరుగా బస్సెక్కకు, నీతో రాత్రంతా ఉన్న అమ్మాయితో గేటు దగ్గర టీ తాగి, ఆ రాత్రి జరిగింది ఇద్దరూ చెప్పుకుని, అప్పుడు ఇంటికెళ్ళు. ఎలా జరిగిందో ఇక్కడ రాయి, నాకు ఎల్లుండి వీక్లీ ఆఫ్, చూస్తాను.